పసుపు మోసిన ఇనుము

సుత్తితో ఇనుమును కొట్టి వినండి. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట మొద్దుగా పలుకుతుంది. మాక్లూర్‌లో మా ఇంటి వాకిట్లో, పాత టాటా 207 కింద మా అన్న వెల్లకిలా పడుకుని చాసిస్‌ను ఈ కొస నుంచి ఆ కొస దాకా తడుతూ పోయాడు. మొద్దు శబ్దం వచ్చిన చోటల్లా సుద్దముక్కతో సున్నా చుట్టాడు. పసుపు బస్తాలు, వడ్లు, యూరియా, ఇసుక, పెళ్లి సామాను, పక్కింటివాళ్ల బర్రె, అన్నీ మోసిన ఇనుమది. బాపు పోయాక వానకూ ఎండకూ ఆరుబయటే నిలబడింది. ఇంతా చేస్తే సున్నాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే పడ్డాయి. ఏ ఫ్యాక్టరీలో ఏ కార్మికుడు అతికించిన అతుకులో గానీ, ఆ చేతులకు ఇక్కడి నుంచే దండం పెట్టాను.

టాటావాళ్లు 1988లో టాటామొబైల్ 206 పేరుతో తమ తొలి పికప్‌ను తెచ్చారు. తర్వాత వచ్చిన సియర్రా, ఎస్టేట్, సుమో దాని అడుగుజాడల్లో పుట్టినవే. ఆ వంశంలోదే మా 207. నంబరు ప్లేటు మీద ఇంకా ఏపీ 25 ఉంది, అంటే ఉమ్మడి రాష్ట్రం నాటి నిజామాబాద్ జిల్లా గుర్తు. రాష్ట్రం వచ్చాక అది టీఎస్ 16 అయింది, 2024లో టీజీ 16 అయింది. రోడ్డు మీద ఏపీ 25 బండి కనబడితే నేను ఇప్పటికీ తల తిప్పి చూస్తాను. ఇన్నేళ్లు బతికి, పని మానకుండా తిరుగుతున్నందుకు.

దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని విప్పడం మొదలుపెట్టాం. వెనక తొట్టి అడుగు రేకు ఊడదీసిన రోజు మాత్రం పని కాసేపు ఆగిపోయింది. రేకుకూ దాని కింది అడ్డపట్టీకీ నడుమ వేలు దూరేంత సందు ఉంది. అందులో మట్టి ఉంటుందనుకున్నాం. స్క్రూడ్రైవరుతో గీకితే పసుపు రాలింది. వానకు తడిసి, ఎండకు గట్టిపడి, మళ్లీ తడిసి పొరలు పొరలుగా పేరుకున్న పసుపు. పైపొర నల్లబడింది. లోపలిది విరిచి చూస్తే ముదురు నారింజ రంగులో నిగనిగలాడింది, గోటితో నలిపితే వాసన కూడా వచ్చింది. ఎన్ని పంటల పసుపో అది! జూన్‌లో నాటిన దుంప తొమ్మిది నెలలు నేలలో ఊరి, తవ్వాక ఉడికి, కళ్లంలో ఎండి, డ్రమ్ములో పాలిష్ పట్టి, కొమ్ము వేరు గోళ వేరుగా బస్తాలకెక్కి, ఆ బస్తాలు ఈ రేకు మీద ఊగుతూ నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోయేవి. దారంతా ప్రతి గతుకుకూ చిటికెడు పొడి రాలిందన్నమాట. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చినప్పుడు రైతుల పేర్లు, నాయకుల పేర్లు పేపర్ల నిండా చదివాను. పంటను యార్డు గేటు దాకా చేర్చిన ఈ బండ్లను ఎవరో ఒకరు పొగడాలి కదా. ఆ పని నాకు సంతోషంగా ఉంది.

ఇంటి వాకిట్లో బండి విప్పడం చూసి నవ్వినవాళ్లున్నారు. వాళ్లకొక మాట. పికప్ పుట్టిందే రైతు వాకిట్లో. అమెరికాలో కారు కొన్న రైతులు దాని వెనక భాగం కోసేసి, సొంతంగా చెక్కపెట్టె బిగించుకుని కూరగాయలు, దాణా, పాలక్యాన్లు మోసుకునేవాళ్లు. వాళ్లు అట్లా చేస్తున్నారని చూసిన తర్వాతే ఫోర్డ్ కంపెనీ 1925 ఏప్రిల్‌లో మోడల్ టీకి తనే తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మింది. ముందు రంపం పట్టింది రైతు, తర్వాత నకలు తీసింది ఫ్యాక్టరీ. కాబట్టి మా వాకిట్లో వెల్డింగ్ రవ్వలు ఎగిరితే అందులో వింతేమీ లేదు.

మా అన్న ఈ విద్య నేర్చింది షార్జా గ్యారేజీల్లో. ఆర్మూర్, మాక్లూర్ వైపు గల్ఫ్ ముఖం చూడని ఇల్లు వెతికితే గానీ దొరకదు. ఆ వలస గురించి మనం రాసిందంతా కన్నీళ్ల గురించే. ఆ కన్నీళ్లు నిజం. అప్పులు నిజం, శవపేటికలు నిజం. కానీ అక్కడి నుంచి పనితనం కూడా మన పల్లెలకు వచ్చింది, దాని లెక్క ఎవరూ రాయలేదు. ఎడారి ఇసుక నమిలేసిన హైలక్స్ బండ్లకు కొత్త నేల అతికించిన చెయ్యి, ఇక్కడ 207 క్యాబిన్‌లో కాళ్ల కింది రేకు కోసి, కొత్త రేకును అట్టముక్క మీద గీసుకుని, మడిచి, అతుకు ఎక్కడుందో కనబడకుండా కూర్చింది. కమాన్ కట్టలు విప్పి పట్టాకు పట్టా విడదీసి, తుప్పు గీకి, గ్రాఫైట్ గ్రీజు పూసి మళ్లీ కట్టింది. అంత బరువు పట్టాల మధ్య వేలు పడితే ఏమవుతుందో ఆ చేతికి తెలుసు. అందుకే తొందరపడదు.

ఇక ఇంజను. నాకు ఈ బండిలో అన్నిటికంటే ఆశ్చర్యం అదే, ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. పెట్రోలు ఇంజనుకు ప్లగ్గు కావాలి, నిప్పురవ్వ కావాలి. డీజిలుకు నిప్పే అక్కర్లేదు. పిస్టన్ పైకి వస్తూ సిలిండర్‌లోని గాలిని పదిహేను, ఇరవై రెట్లు కుదిస్తుంది. ఉత్త గాలి, మనం పీల్చే గాలే, ఆ ఒత్తిడికి వందల డిగ్రీల వేడెక్కుతుంది. అప్పుడు నాజిల్ సన్నని తుంపరగా డీజిల్ చిమ్మితే అదే అంటుకుంటుంది. జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ 1897 నాటికి దీన్ని సాధించి చూపించాడు. 1900 పారిస్ ప్రదర్శనలో ఆ తరహా ఇంజను ఒకటి పల్లీ నూనెతో నడిచింది. పల్లీ నూనెతో! రైతు చేతికి ఇంతకంటే దగ్గరి యంత్రం ఏముంటుంది?

పంపు, నాజిల్స్ నిజామాబాద్‌లో సరిచేయించి తెచ్చాక, పైపుల్లో చేరిన గాలి తీయాలి. ఫిల్టరు మీది స్క్రూ ఒక చుట్టు వదులు చేసి చేతిపంపు నొక్కుతూ ఉంటే మొదట నురగ వస్తుంది. తర్వాత బుడగలు. బుడగ ఒక్కటి మిగిలినా ఇంజను అందుకోదు. అన్న కళ్లు ఆ స్క్రూ మీదే ఉన్నాయి. బుడగలు చిన్నవై, దూరమై, చివరికి తేట డీజిల్ ధారగా కారింది. "ఇగ సెల్ఫ్ కొట్టురా" అన్నాడు. కొట్టాను. గరగరమంది, ఆగింది. మళ్లీ కొట్టాను. తెల్లపొగ ఒక్కసారిగా కమ్మింది. ఒక సిలిండర్ అందుకుంది, ఆ వెంటనే ఇంకొకటి, కుంటుతూ తడబడుతూ నాలుగూ ఒక్క తాళంలోకి వచ్చాయి. వంటింట్లోంచి అమ్మ గడప దాకా వచ్చి నిలబడింది. "గదే సప్పుడు" అంది. ఇంకేమీ అనలేదు.

సొంత హంగుల్లో మా అన్న పెద్ద ఆడంబరాలకు పోలేదు, అదే నాకు నచ్చింది. తొట్టి అడుగున మద్దిచెక్క పలకలు పరిచాడు. రెండు పక్కలా టార్పాలిన్ తాళ్లకు కొక్కేలు, సీటు కింద పనిముట్ల పెట్టె, సీట్లకు ముదురు ఆకుపచ్చ రెగ్జిన్. పైన రంగు మాత్రం పాత తెలుపే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు తయారీ కంపెనీ మొదట చెప్పిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. రంగు మార్చాలనుకుంటే ఆర్సీలో రాయించుకోవాలి. సరుకు బండికి ఈ వయసులో ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. ఇవన్నీ అడ్డంకులని నేననుకోను. వెనక నడిచే మనిషి ప్రాణం కోసం పెట్టిన కట్టుబాట్లు అవి. వెనక డాలా మీద రాతకు మాత్రం ఆర్టిస్టును పిలిపించాం. కుంచెతో, స్టిక్కరు కాదు. "బాపు దీవెన" అని గుండ్రటి అక్షరాలు రాసి, చివర రెండు బంతిపూలు వేశాడు.

దసరాకు జమ్మి ఆకు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి వాకిలి దాటించాం. వచ్చే పసుపు దీంట్లోనే యార్డుకు పోతుంది.

మీ కొట్టం పక్కన కూడా ఇట్లాంటిది ఒకటి నిలబడి ఉండొచ్చు. తుక్కు బేరగాడు కాంటా దింపేలోగా దాని ఆర్సీ వెతికి పెట్టుకోండి, ఇంజను నంబరూ చాసిస్ నంబరూ సరిపోతున్నాయో చూడండి, మంచి మిస్త్రీని ఒక్కసారి ఇంటికి పిలవండి. ఆయన పనికిరాదంటే అప్పుడు అమ్ముకోండి.