కొండంతను గోరంత చేయుట



గోరంతను కొండంత చేయువానిని చూచి లోకము నవ్వును. కొండంతను గోరంత చేయువానిని మాత్రము పెద్దమనిషి యని గౌరవించును. అబద్ధమాడుట పాపమని అందరును ఎరుగుదురు. నిజమును ఒప్పుకొనుచునే దానిని చిన్నదిగా చేసి చూపుటయు అసత్యమే యని ఎరిగినవారు కొందరే.

1951 ఏప్రిల్ 18వ తేదీన ఆచార్య వినోబా భావే కాలినడకన పోచంపల్లి చేరెను. నాడు నల్లగొండ జిల్లాలోనుండిన ఆ గ్రామము నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో నున్నది. అచటి 40 దళిత కుటుంబములవారు తమకు 80 ఎకరముల భూమి కావలెనని విన్నవించుకొనగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు దానమొసగెను. భూదానోద్యమమునకు అదియే నాంది. ఊరి పేరే భూదాన్ పోచంపల్లి యయ్యెను.

ఈ కథ చెప్పువారు ఇచ్చిన 100 ఎకరములను ఎలుగెత్తి చెప్పుదురు. మట్టిలో చెమటోడ్చువారికే మట్టి యేల లేకపోయెనను ప్రశ్నను మెల్లగా దాటవేయుదురు. 1946 నుండి తెలంగాణమున సాగిన రైతాంగ సాయుధ పోరాటము వేసిన ప్రశ్నయు అదియే. పిమ్మట దేశమున సేకరించిన లక్షలాది ఎకరములలో చాల భూమి సాగుకు పనికిరానిదై, వ్యాజ్యములలో చిక్కి, పేదలకు చేరలేదని చెప్పినచో, "ఎంతో కొంత మేలు జరిగినది గదా!" అందురు. జరిగినమాట నిజమే. ఆ మాటతో భూమి చేరనివాని ఆకలి తీరునా? నిజమును పూర్తిగా చెప్పినందున దాత కీర్తి తరుగదు. దాచినచో అడిగినవాని బాధ చిన్నదై కనబడును.

మనుజులు ఇట్లేల చేయుదురు? క్రూరత్వముచే కాదు, భయముచే. కొండను కొండ యని ఒప్పుకొన్నచో ఏదో యొకటి చేయవలసివచ్చును. పుండు చిన్నదే యనుకొన్నవాడు వైద్యుని యొద్దకు పోడు. పుండు మాత్రము వాని మాట వినదు.

12వ శతాబ్దిలో కల్యాణమున బిజ్జలుని కొలువులో భండారిగా నుండిన బసవేశ్వరుడు కులభేదమును లోకాచారమని సరిపెట్టుకొనియుండినచో పదవి సుఖముగా నిలిచియుండెడిది. ఆయన అట్లు సరిపెట్టుకొనలేదు. చెప్పులు కుట్టు కులమున జన్మించిన హరళయ్య కుమారునికి, బ్రాహ్మణ కులమున జన్మించిన మధువరసు కుమార్తెకు వివాహము జరిగెననియు, అందులకై ఆ తండ్రులిరువురును ప్రాణములు కోల్పోయిరనియు శరణ సంప్రదాయము చెప్పుచున్నది. లింగధారణతో కులము పోయినదను మాటను వారు ఆచరణలో పెట్టి చూపిరి.

మరి నేటి మన యిండ్లలో? సంబంధము వచ్చినపుడు, "వారును లింగధారులే, కాని..." అని ఆగుదుము. అడిగినచో "చిన్న పట్టింపు" అందుము. కాదనిపించుకొని గడప దిగిపోవువానికి అది చిన్నదా? మఠమున దాసోహ పంక్తిలో పక్కపక్కన కూర్చుండి, ఇంటికి వచ్చి కులము నెంచువాడు బసవన్నకు ఏమని సమాధానము చెప్పును?

కావున ఇష్టలింగమును అరచేత నుంచుకొని పూజించువేళ ప్రతివారును తమ్ముతాము ఒక్క ప్రశ్న వేసికొనవలెను: "నేడు ఏ నిజమును చిన్నబుచ్చితిని? దానివలన ఎవరి కష్టము కనబడక పోయినది?" జవాబు దొరికిననాడే ఆ మనిషి యింటికి పోయి, జరిగినదానిని జరిగినంతగా ఒప్పుకొనవలెను. పూజకు ఫలము అదియే.