వేటగాడి తుపాకీ, పొరుగువాడి హక్కు



మొన్న జుమా నమాజు ముగిశాక ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. "మౌలానా! మా అబ్బాయి అమెరికాలో, పెన్సిల్వేనియాలో ఉంటాడు. స్నేహితులతో గువ్వల వేటకు వెళ్తానంటున్నాడు. వేట హలాలే కదా! ఇంటికి ఇన్ని గజాలు, రోడ్డుకు ఇన్ని గజాలు అని అక్కడి ప్రభుత్వం పెట్టిన హద్దులు దాటితే గునాహ్ అవుతుందా?" అన్నారు.

వేట హలాల్ అనడంలో సందేహం లేదు. దివ్య ఖుర్ఆన్‌లోని మాయిదా సూరా మొదటి ఆయత్‌లోనే వేట ప్రస్తావన ఉంది. ఇహ్రామ్ స్థితిలో వేటాడరాదని అక్కడే చెప్పబడింది. అయితే ఆ ఆయత్ దేనితో మొదలవుతుందో చూడండి. విశ్వాసులారా, ఒప్పందాలు నెరవేర్చండి అన్న ఆదేశంతో! వీసా తీసుకుని ఒక దేశంలో కాలుపెట్టడం, వేట లైసెన్సు మీద సంతకం చేయడం ఒప్పందాలు కాక మరేమిటి?

ఆ రాష్ట్ర చట్టం ప్రకారం, జనం నివసించే ఇంటికి 150 గజాల లోపల ఆ ఇంటివారి అనుమతి లేకుండా తుపాకీతో వేటాడరాదు. బడి ఆటస్థలం చుట్టూ కూడా ఇదే హద్దు. వాహనం దిగినవాడు రోడ్డుకు 25 గజాల దూరం వెళ్లాకే వేట జంతువుపై కాల్చాలి. చెట్లకు ఊదారంగు గీతలు కనిపిస్తే అది ప్రవేశం లేని సొంత భూమి అని అర్థం. ఆ రాష్ట్రంలో చాలా జిల్లాల్లో 2020 నుంచి ఈ గుర్తు చెల్లుతోంది.

ఇవి కాఫిర్ల చట్టాలు, మనకేమిటి అనే యువకులు లేకపోలేదు. వారు హదీసులు చదివితే బాగుండును. బాణాలు పట్టుకుని మస్జిదులోనో బజారులోనో నడిచేవాడు వాటి మొనలను చేత్తో పట్టుకోవాలని దైవప్రవక్త (స) ఆజ్ఞాపించారు. వేలితో గులకరాళ్లు విసరడాన్ని కూడా వారించారు. దానివల్ల వేట చావదు, శత్రువు గాయపడడు, కాని ఎవరి పన్నో విరుగుతుంది, ఎవరి కన్నో పోతుంది. గులకరాయికే ఇంత జాగ్రత్త అయితే తుపాకీ గుండుకు ఎంత కావాలి!

మదరసాలో హిదాయా చదివేటప్పుడు ఖత్లె ఖతా, అంటే పొరపాటు హత్య అధ్యాయంలో మాకు మొదట చెప్పిన ఉదాహరణే వేటది. వేట జంతువనుకుని ఒకడు బాణం వేశాడు, తీరా చూస్తే అది మనిషి. ఉద్దేశం లేదు గనుక ఖిసాస్ లేదు. కాని వారసులు క్షమిస్తే తప్ప రక్తధనం చెల్లించాలి. కఫ్ఫారా కింద బానిసను విడిపించాలి. అది వీలుకాని మన కాలంలో రెండు నెలలు ఎడతెగకుండా ఉపవాసాలు పాటించాలి. నిసా సూరా 92వ ఆయత్ ఆదేశమిది. పొద చాటున కదిలింది పక్షో, ఆడుకునే పిల్లవాడో తెలియకుండా మీట నొక్కేవాడు ఈ అరవై రోజులను తలచుకోవాలి.

ఇక సొంత భూముల మాట. యజమాని సంతోషంగా ఒప్పుకోనిదే అతని సొత్తు మనకు హలాల్ కాదు. అతడు ముస్లిమా కాదా అన్న తేడా ఇక్కడ లేదు. కొట్టిన పక్షి కంచె అవతల పడితే తలుపు తట్టి అడగాలి. వద్దంటే తిరిగి రావాలి.

మరొక మాట. గుండు దెబ్బకే చచ్చిన పక్షిని మన హనఫీ ఉలమాలలో అత్యధికులు హలాల్‌గా పరిగణించరు. ప్రాణం ఉండగా పట్టుకుని బిస్మిల్లాహ్ అంటూ జిబహ్ చేయాలి.

ఆ పెద్దాయనకు ఇదే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "మరి వాడు సెలవులకు ఊరొస్తే మన చెరువు గట్టున ఎన్ని గజాల దూరం పాటించాలి?" అని అడిగారు. మన దేశంలో గజాల లెక్కే లేదన్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గువ్వలు, కౌజుల వేట ఇక్కడ నేరం.