పితృశబ్దము - రక్షకత్వము

సంస్కృతమున పితా, గ్రీకున పతేర్, లాటినున పతెర్, ఆంగ్లమున ఫాదర్. మాతృ, భ్రాతృ, దుహితృ శబ్దములకును ఐరోపా భాషలయందిట్టి తోబుట్టువులు కలవు. సంస్కృతము, గ్రీకు, లాటిను ఒకే మూలమునుండి వెడలియుండవలెనని సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సభయందు పలికెను. తల్లి, తండ్రి యను మన తెలుగు మాటలు వేఱు కుటుంబమునకు చెందినవి. ఐనను తర్పణమున మనము పలుకునది ఆ పితృశబ్దమునే.

పిత యననెవరు? రక్షించువాడు, పాలించువాడు గనుక పిత యని యాస్కుడు నిరుక్తమున చెప్పెను. ప్రజలను కాపాడి పోషించిన దిలీపుడే వారికి తండ్రి, కన్నవారు జన్మహేతువులు మాత్రమే యని కాళిదాసు రఘువంశమున వర్ణించెను. వినుటకు సొంపుగనే యున్నది కాని యిందొక చిక్కు కలదు. రక్షించుటచేతనే తండ్రి యైనచో రక్షింపనినాడు తండ్రి కాకపోవలెను. ఎన్ని మ్రొక్కులు మ్రొక్కినను బిడ్డ దక్కని యిల్లాలు "నీవు మాకు తండ్రివెట్లగుదువు?" అని స్వామిని నిలదీసినచో, ఈ వ్యుత్పత్తి యామె పక్షముననే సాక్ష్యము పలుకును.

నేటి భాషాశాస్త్రజ్ఞులు పితృశబ్దమునకు రక్షణార్థకధాతువే మూలమని నిశ్చయింపరు. మాటలు రాని శిశువు పెదవులు కలిపి పలుకు 'పా', 'మా' ధ్వనులకు బంధువాచకప్రత్యయము చేరి పితృ, మాతృ శబ్దములేర్పడినవని రోమన్ యాకబ్సన్ అభిప్రాయము. ధాతువు లేని నామమా యని మావారు కొందఱు ముఖము చిట్లింతురు. నామములన్నియు ధాతుజములు కావని గార్గ్యుడేనాడో యనెను గదా! శిశువు ఎదుటివాని యోగ్యతను తూచి పిలుచుట లేదు.

కనుటయు పితృత్వమునకు సమానము కాదు. ఋగ్వేదమున ఒకే మంత్రమందు ద్యులోకమును పిత యనియు జనిత యనియు వేఱు మాటలతో పేర్కొనిరి. ఇక మన సంప్రదాయమున పిళ్ళైలోకాచార్యులు జీవేశ్వరుల నవవిధసంబంధమును వివరించుచు, మొదట పితృత్వమును, పిదప రక్షకత్వమును విడివిడిగా లెక్కించిరి. రెండును ఒక్కటియే యైనచో తొమ్మిది యెనిమిదగును. సంబంధము ముందున్నది; రక్షణ దానిననుసరించి వచ్చునది.

ఆ యిల్లాలి దుఃఖము ఈ శబ్దచర్చచే తీఱునని నేననను. కాని స్వామిని నిలదీయుట యపచారమని యామెను మందలించువారు మాత్రము పొరపడుచున్నారు. పెంచని తండ్రికి తద్దినమేల యని యడుగు కుమారులును కలరు. అట్టి తండ్రి దోషము దోషమే, కప్పిపుచ్చనక్కఱలేదు. ఐనను అది దోషమెట్లయ్యెను? పొరుగింటివాడు మనలను పెంచలేదని యెవ్వరును తప్పుపట్టరు గదా.