పేరును స్వరమును

కాకినాడ సంగీత సభలకు వెళ్లువారికి ఫిడేలు కొత్త కాదు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు (1893–1964) ఆ పరదేశపు వాద్యమును మన యింటి వాద్యమువలె పలికించిరి.

మంచి ఫిడేలుకు పైపలక స్ప్రూస్ అను తేలిక కర్ర, వెనుకపలక మేపుల్ అను గట్టి కర్ర. పనివాడు వాటిని లోపలివైపున కొద్దికొద్దిగా చెక్కి పలుచన చేయును. ఆ రెంటి నడుమ ఒక చిన్న పుల్ల జిగురు లేకుండ బిగువుచేతనే నిలుచును. ఇటలీవారు దానిని ఆత్మ అందురు. అది రవంత జరిగినను స్వరము మారును. ఇంత పనియు కంటికి కనబడదు. కొనువాడు చూచునది లోపల అంటించిన పేరు చీటీ.

క్రెమోనా పట్టణపు స్ట్రాడివారి 1737లో చనిపోయెను. ఆయన ఫిడేళ్లు నేడు కోట్ల రూపాయలు పలుకును. 2010లో అమెరికాలో 21 మంది వాద్యకారులకు చూపు మసకబారు అద్దములు పెట్టి, మూడు పాతవి, మూడు కొత్తవి వాయింపజేసిరి. ఏది పాతదో పలువురు చెప్పలేకపోయిరి. అందరికంటె తక్కువ మెప్పు పొందినది స్ట్రాడివారి చేతిదే!

మన సంగతి యేమి? 1874లో మెక్లారిన్ దొరగారు కాకినాడకు వచ్చిననాటి కుటుంబమువారమని కొందరము ముందు బల్లపై కూర్చుందుము. నిన్న బాప్తిస్మము పొందిన కూలివాడు ప్రార్థింప లేచిన, “వానికేమి తెలియును” అనుకొందుము. యాకోబు పత్రిక రెండవ అధ్యాయము చదివిన నోటితోనే!

పెద్దల పేరు వట్టిదని మేము అనము. స్ట్రాడివారి పనితనమును వట్టిది కాదు గదా. అయినను రాబోవు కూటములో ప్రార్థనకు ఎవరిని లేపవలెనో నిర్ణయించునప్పుడు సంఘపెద్దలు దీనిని తలంచవలెనని మా మనవి.