చూపు చెప్పే సాక్ష్యం

తెర అంచున అమర్చిన ఐ ట్రాకర్ కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పంపుతుంది. కార్నియా మీద మెరిసే చుక్కనూ కంటిపాపనూ సరిపోల్చి, చూపు పేజీలో ఎక్కడ వాలిందో లెక్కగడుతుంది. చేయి చాపితే బొటనవేలి గోరు ఎంత కనబడుతుందో, ఒక్కసారికి మనకు స్పష్టంగా కనిపించేది ఇంచుమించు అంత మేరే. అందుకే కన్ను సెకనుకు మూడు నాలుగు సార్లు గెంతుతూనే ఉంటుంది. ఆ గెంతుల మధ్య ఎందరి చూపులో ఆగిన చోట్లన్నీ కలిపి రంగు మరకలుగా పరిస్తే అది హీట్ మ్యాప్. ఆన్‌లైన్ దుకాణదారుకు అది నిధి ఆచూకీ చెప్పే పటంలా తోచడంలో వింత లేదు. చూపులు ఎక్కువగా ఆగి ఎర్రగా ఉన్నచోట 'ఇప్పుడే కొనండి' బటన్ పెడితే అమ్మకం పెరుగుతుందన్నది ఆయన పూర్వపక్షం. పటం చూపు సంగతి నిజమే చెబుతోంది, మనసు సంగతి మాత్రం దాని నోట మనమే పలికిస్తున్నాం అన్నది నా పక్షం.

"అయ్యా, కంటపడని బటన్‌ను ఎవరు నొక్కుతారు?" అంటాడు దుకాణదారు. కాదనను. కానీ కంటపడేలా చేయడమంటే ఏమిటి? రైస్ విశ్వవిద్యాలయానికి చెందిన బెన్‌వే, లేన్ 1998లో తేల్చింది దీనికి ఎదురు: కావలసిన సమాచారాన్ని పెద్ద రంగుల బ్యానర్‌లో పెడితే, దాన్నే వెతుకుతున్నవాళ్లు కూడా దాటిపోయారు. ప్రకటనలా ఉన్నది ప్రకటనేనని మనసు ముందే తీర్పు ఇచ్చేసింది. ఇక 2006లో వెబ్ వాడుక నిపుణుడు యాకోబ్ నీల్సన్ 232 మంది చూపులను నమోదు చేసి, వెబ్ పేజీని జనం ఇంగ్లీషు ఎఫ్ అక్షరం ఆకారంలో చదువుతారని చెప్పాడు. డిజైనర్లు దాన్ని కంటి స్వభావమనుకుని ముఖ్యమైనవన్నీ ఆ గీతల మీద పేర్చసాగారు. నిజానికి ఉపశీర్షికలు లేక, పట్టు దొరకని మాటల గోడ ఎదురైనప్పుడు కన్ను పడే పాట్లవి. రోగలక్షణాన్ని ఇంటి నమూనాగా వాడుకోవడం అంటే ఇదే.

చూపు ఎవరి మాట వింటుందో సోవియట్ శాస్త్రవేత్త యార్బస్ 1965 నాటి పుస్తకంలోనే చూపించాడు. రష్యన్ చిత్రకారుడు రేపిన్ గీసిన చిత్రంలో ప్రవాసం నుంచి ఒక మనిషి అనుకోకుండా ఇంటికి తిరిగొస్తాడు. ఆ బొమ్మ చూపించి, కుటుంబం ఆర్థికస్థితి ఏమిటని అడిగితే చూపు బట్టల మీదా సామాను మీదా తిరిగింది. వయసులు చెప్పమంటే ముఖాలకే అతుక్కుంది. ఎన్నాళ్ల తర్వాత వచ్చాడని అడిగితే అతని ముఖానికీ ఇంటివాళ్ల ముఖాలకూ మధ్య పరుగులు తీసింది. బొమ్మ ఒకటే, చూసే మనిషీ ఒకడే, మారింది ప్రశ్న. ఇంకో అడుగు ముందుకు వేస్తే, చూపు వాలినా చూడకపోవచ్చు. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో, ఊపిరితిత్తుల స్కానుల్లో గొరిల్లా బొమ్మ ఇరికించి 24 మంది రేడియాలజిస్టులకు ఇచ్చారు. వెతుకుతున్న గడ్డలకు 48 రెట్లున్న ఆ బొమ్మను 20 మంది గమనించలేదు. వారిలో 12 మంది చూపు నేరుగా దానిమీదే వాలినట్టు ఐ ట్రాకర్ చెప్పింది. ఇంద్రియం వస్తువును తాకితే చాలదు, మనసూ తోడు కావాలని న్యాయదర్శనం వాదించింది. పరికరం కొత్తదేగాని తగవు పాతదే.

"అయితే పరికరమెందుకు, కొనేవాళ్లనే అడిగితే పోలా?" అడగాలి, కానీ అదొక్కటే చాలదు. తన కన్ను ఎక్కడెక్కడ తిరిగిందో మనిషికి గుర్తుండదు. గుర్తున్నట్టు చెప్పేది చాలావరకు తర్వాత అల్లుకున్న కథ. అలాగని చూపు ఒక్కదాన్నే నమ్మలేం. కార్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధనలో గూగుల్ ఫలితాల వరసను గుట్టుగా తలకిందులు చేసినా విద్యార్థులు పైవాటి వైపే మొగ్గారు. 2007లో అచ్చయిన ఈ ఫలితం, చూపు నమ్మకం వెంట పోతుందని చెబుతోంది. డెలివరీ ఛార్జీల మీద ఎర్ర మరక కనబడితే అది ఆసక్తా, అయోమయమా, అనుమానమా అన్నది పటంలో లేదు. ఎక్కడ ఆగాడో పరికరం చెప్పాలి, ఎందుకు ఆగాడో మనిషి చెప్పాలి. ఒకరి సాక్ష్యంతో మరొకరిని నిలదీయాలి.

"మీ తర్కం సరే, నా కన్వర్షన్, అంటే చూసినవాళ్లలో కొన్నవాళ్ల లెక్క సంగతి?" ఇది చివరి ఆక్షేపణ, బరువైనది కూడా. చూపును మళ్లించి, ఇష్టంలేని టిక్కు పెట్టించి అంకె పెంచడం సాధ్యమే. అడగని వస్తువును బుట్టలో వేయడం, లేని తొందర పుట్టించడం వంటి 13 ఎత్తులను 2023 నవంబరులో మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నిషేధించింది కూడా. అలా పెరిగిన అంకెలో ఎంత భాగం వాపసుల్లో కరిగిపోతుందో హీట్ మ్యాప్ చూపదు. కనుక దుకాణదారుకు నేను చెప్పేది ఒక్కటే: పరీక్షకు కూర్చున్నవారికి ఊరికే 'పేజీ చూడండి' అనకండి, యార్బస్‌లా ప్రశ్న ఇవ్వండి. "ఈ చెప్పులు సరిపోకపోతే ఏం చేస్తారు?" అని అడిగి, వారి కన్ను ఎక్కడ వెతికిందో చూడండి. మీరు వాపసు షరతులు పెట్టినచోట కాక మరోచోట వెతికితే, బటన్ రంగు జోలికి పోకుండా ఆ షరతులను అక్కడికి మార్చండి.