ఎవరి వంతు?

జగదల్‌పూర్‌లో దసరా 75 రోజుల పండుగ. ఓరుగల్లు పడిపోయాక బస్తర్ చేరిన కాకతీయ వంశీకులు కొలిచిన దంతేశ్వరి అమ్మవారికి అక్కడి అడవి బిడ్డలంతా కలిసి చేసే సేవ అది. రథం కట్టేది ఝార్ ఉమర్‌గావ్, బేడా ఉమర్‌గావ్ వడ్రంగులు. గోతిలో కదలకుండా కూర్చొని తొమ్మిది రోజులు దీక్ష పట్టేది హల్బా తెగ యువకుడు. పెద్ద రథం లాగేది కిలేపాల్ ప్రాంతపు మాడియా తెగవారు. తరతరాలుగా ఎవరి వంతు వారికి తెలుసు. అందుకే ‘ఇంకెవరో చేస్తార్లే’ అనే మాటకు అక్కడ చోటు లేదు.

ఆ బస్తర్ నేల నుంచే, బీజాపూర్ జిల్లాకు చెందిన 12 ఏళ్ల పాప మిరపకాయలు ఏరడానికి మన ములుగు జిల్లాకు వచ్చింది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ, తోటి కూలీలతో కలిసి మూడు రోజులు అడవి దారిన నడిచింది. ఇల్లు ఇంకా కొద్ది దూరం ఉందనగా ప్రాణం విడిచింది.

ఆ బిడ్డ క్షేమం ఎవరి వంతు? మేస్త్రి రైతు వైపు చూస్తాడు. రైతు సర్కారు వైపు చూస్తాడు, సర్కారు పక్క రాష్ట్రం వైపు చూస్తుంది. టీవీల ముందు కూర్చున్న మనం అందరి వైపూ చూశాం. మన వంటింటి కారం ఇలాంటి చేతులు ఏరినదే. అయినా ఆ పాదాల నొప్పి ఎవరి వంతులోకీ రాలేదు.

మనుషుల్లో దయ లేక ఇలా జరుగుతుందని అనుకోవడం తొందరపాటు. 1968లో డార్లీ, లటానే అనే అమెరికా పరిశోధకులు దీన్ని పరీక్షించారు. పక్క గదిలో ఒకరు మూర్ఛతో విలవిలలాడుతున్నట్టు విద్యార్థులకు వినిపించారు. ఆ కేక తాము మాత్రమే విన్నామనుకున్నవారిలో 85 శాతం మంది మూర్ఛ ముగిసేలోగా సాయానికి కదిలారు. మరో నలుగురు కూడా విన్నారనుకున్నవారిలో 31 శాతం మందే కదిలారు. కదలనివారికీ చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. గుండె స్పందించింది, అడుగు పడలేదు. గుంపులో బాధ్యత పంచుకుపోయి, చివరికి ఎవరి దగ్గరా మిగలదు.

మహాభారతం ఈ సత్యాన్ని ఎప్పుడో చూపింది. తనను జూదంలో గెలుచుకోవడం ధర్మమేనా అని కౌరవ సభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు రాజులంతా మౌనం వహించినప్పుడు, దుర్యోధనుడి తమ్ముడు వికర్ణుడు లేచి ఇది అధర్మమన్నాడు. సభ్యులు పెద్దపెట్టున అతణ్ణి మెచ్చుకున్నారు. అంటే ధర్మం వారికి తెలియక కాదు, మొదటి గొంతు కోసం ఎదురుచూశారు. కర్ణుడు వికర్ణుణ్ణి గద్దించాక మాత్రం అతని పక్కన నిలబడిన రాజు ఒక్కడూ లేడు. మెచ్చుకున్న నోళ్లన్నీ మూతపడ్డాయి. లేచి నిలిచే మొదటి మనిషి ఎంత అవసరమో, అతనికి తోడు వచ్చే రెండో మనిషీ అంతే అవసరం.

భగవంతుడు అన్ని ప్రాణుల్లోనూ ఉన్నాడని నమ్మేవారికి ఆపదలో ఉన్న మనిషి పరాయివాడు ఎలా అవుతాడు? ఆ క్షణంలో మనం అక్కడ ఉండటమే దేవుడు మన పేరున వేసిన వంతు. రోడ్డు మీద ఎవరైనా పడిపోతే ‘ఎవరైనా చూడండి’ అనకండి. ‘ఎర్ర చొక్కా తమ్ముడూ, 108కి ఫోన్ చెయ్యి. అమ్మా, మీరు నీళ్లు తీసుకురండి’ అని ఒక్కొక్కరికీ పని అప్పగించండి. పోలీసులు, కోర్టుల భయమూ వద్దు. రోడ్డు ప్రమాద బాధితులకు సదుద్దేశంతో సాయపడేవారికి 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ ఇస్తోంది, దాని కింద వచ్చిన నిబంధనలు పేరు చెప్పమని బలవంతం చేయకూడదంటున్నాయి.

గుంపులో ఉన్నప్పుడు పక్కవారి ముఖం చూడకండి, పడినవారి ముఖం చూడండి. ముందుగా మీరే కదలండి. మీకంటే ముందు ఎవరైనా కదిలితే వారిని ఒంటరిగా వదలకండి. ఏ పూజకూ తీసిపోని సేవ ఇదే.