మధ్యలో కూర్చునేవాళ్ళు

2014 దాకా తయారైన అంబాసిడర్ కారుకి ఒకప్పుడు గేరు స్టీరింగు పక్కనే ఉండేది. ముందు సీటు సోఫాలా ఒకటే. డ్రైవరు పక్కన ఇద్దరు సర్దుకునేవారు. మా మరిది ఇప్పుడు ఆ రాడ్లూ లింకులూ విప్పించి, గేరుని కిందికి మార్పిస్తున్నాడు. "అరిగిపోయాయి వదినా, రెండో గేరు పడి చావట్లేదు." నిజమే. నడవని కారుని పూజగదిలో పెట్టుకుంటామా? కానీ సుఖం నడిపేవాడిది, పోయే చోటు మధ్యలో కూర్చునేవాళ్ళది. అక్కడ కూర్చునేది మా అత్తగారు. కిటికీ వైపు మామగారు, మోకాళ్ళ నొప్పులు కదా! వెనక కూర్చుంటే ఆవిడకి కడుపులో తిప్పుతుంది. మెకానిక్కునడిగారు, మామగారినడిగారు, సీటు కవర్ల రంగు నన్నూ అడిగారు. ఆవిణ్ణి నేనడిగితే, "వెనకే కూర్చుంటాలేవే, ఇంకెన్ని ప్రయాణాలు!" అన్నారు. దాన్ని ఒప్పుకోవడం కింద జమ కట్టడానికి నాకు మనసొప్పడం లేదు.